పురిటి పొగ

నాచారంలో ఫ్యాక్టరీల వెనకున్న ఆ గల్లీలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి కౌసల్యమ్మే పోవాలి. తల్లీబిడ్డా దవాఖానా నుంచి ఇల్లు చేరకముందే ఆమెకు కబురు వచ్చేది. గోడకు వీపు ఆనించి, కాళ్లు బార చాపి, పసిగుడ్డును వాటి మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, పిండి రుద్ది, గోరువెచ్చటి నీళ్లు పోస్తుంటే గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా మధ్యలోనే కళ్లు వాల్చేది. అందుకు ఆమె ఏమీ తీసుకునేది కాదు. పురుడు వెళ్లాక రవికె గుడ్డ, తమలపాకులు ఇస్తే కళ్లకద్దుకునేది. కొమురెల్లి మల్లన్న తన చేతులకు ఇచ్చిన పని అది అని ఆమె నమ్మకం.

నీళ్లు పోయడం ఒక ఎత్తయితే పొగ పట్టడం ఒక ఎత్తు. కొబ్బరి చిప్పల నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, లేచిన పొగకు బిడ్డ తల ఆరబెట్టాలి. జలుబు చేయదు, దిష్టి తగలదు, బిడ్డ పొద్దెక్కేదాకా నిద్రపోతుంది. జనగామ పక్కన పల్లెలో ఆమె తల్లి అట్లాగే చేసింది. నాచారం వచ్చాక ఆ పద్ధతికి ఇంకొకటి కలిసింది. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి గల్లీలోకి ఒక వాసన దిగుతుంది. మందుల వాసనో, కాలిన రబ్బరు వాసనో ఎవరూ తేల్చి చెప్పలేరు గానీ, పీలిస్తే గొంతు గరగరలాడుతుంది. వాసన రాగానే ఇంటింటా కిటికీలు మూసుకుంటాయి. ఆ పాడు గాలి పసిబిడ్డకు సోకకూడదని కౌసల్యమ్మ తలుపు కూడా వేయించి, సాంబ్రాణి మరో పిడికెడు చల్లేది. గది తెల్లగా కమ్ముకున్నాక గానీ ఆమెకు నిమ్మళం ఉండేది కాదు.

సొంత మనవరాలు సిరికి ఇంకా ఎక్కువ చేసింది. కోడలు మానస ఉప్పల్‌లో బట్టల దుకాణంలో పని చేస్తుంది, కొడుకు దుర్గేష్ పోచారం ఐటీ కంపెనీ వాళ్లకు క్యాబ్ నడుపుతాడు. పిల్ల పగలంతా నాయనమ్మ ఒడిలోనే పెరిగింది. సిరికి మూడో నెల నిండకముందే దగ్గు మొదలైంది. దగ్గుకని పొగ, పొగకని మూసిన కిటికీ, రాత్రి దోమలకని మళ్లీ కాయిల్. ఏడాది దాటింది, రెండేళ్లు దాటాయి. సిరికి మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. నీళ్లు కావాలంటే నాయనమ్మ మణికట్టు పట్టుకుని తీసుకుపోయి, ఆ చేతిని బిందె మీద పెడుతుంది. అంతే. ఆ చేయి ఎవరిదన్నట్టు మొహం వైపు కూడా చూడదు.

మల్లన్నకు మొక్కుకున్నారు. గుడి ముందు రంగుల ముగ్గులతో పట్నాలు వేయిస్తామన్నారు. ఆఖరికి మానస పట్టుబట్టి ఉప్పల్ చౌరస్తా దగ్గర పిల్లల డాక్టరమ్మకు చూపించింది. చెవులు బాగానే వినిపిస్తున్నాయని పరీక్షల్లో తేలింది. ఇంటి చుట్టుపక్కల పొగలేమైనా ఉంటాయా అని డాక్టరమ్మ అడగ్గానే దుర్గేష్ ఫ్యాక్టరీల మీద విరుచుకుపడ్డాడు. ఆమె అంతా విని, ఇంట్లో ఏం కాలుస్తారని అడిగింది. మానస తల వంచుకుంది. కౌసల్యమ్మ మాత్రం దాచలేదు. దాచాల్సిన సంగతి అని ఆమెకు తోచలేదు కూడా. కిటికీలు మూసి మరీ రెండు పూటలా పొగ పట్టానని కాస్త గర్వంగానే చెప్పింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఒక బిడ్డ విషయంలో ఫలానా దానివల్లే ఇట్లా అయిందని తాను చెప్పలేనని, మాట ఆలస్యం కావడానికి చాలా కారణాలు ఉండొచ్చని అన్నది. కానీ కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన మొదటి రెండు మూడేళ్లూ బిడ్డ పీల్చే గాలి ఊపిరితిత్తులతో ఆగిపోదని, ఎదిగే మెదడు మీద కూడా దాని దెబ్బ ఉంటుందని చెప్పింది. బయటి పొగ మీ చేతిలో లేదు, ఇంట్లోది ఈ పూటే ఆపండి అన్నది. మాటలు నేర్పే ఆమె దగ్గరికి చీటీ రాసిచ్చింది.

ఇంటికి వచ్చాక దుర్గేష్ తల్లిని ఒక్క మాట అనలేదు. మానస కూడా అనలేదు. అంటే బాగుండును అనిపించింది కౌసల్యమ్మకు. దీపం పెట్టి మల్లన్న పటం ముందు చాలాసేపు కూర్చుంది. స్వామీ, పొగ నువ్వు అడిగినవా, మేమే తెచ్చి ఇచ్చినమా అని లోపలే అడిగింది. ఆ వారమంతా అదే ప్రశ్నతో లేచింది, అదే ప్రశ్నతో పడుకుంది.

అట్లా ఉండగా పక్క సందులోని విక్టోరియా కబురు పంపింది. కోడలు షైనీ రెండో కాన్పు, ఆడపిల్ల పుట్టింది. షైనీ పెద్దకొడుకు శాంసన్‌కు కూడా నీళ్లు పోసింది కౌసల్యమ్మే. విక్టోరియా ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే అయినా పురిటి పొగ దగ్గర మాత్రం వాళ్లూ వీళ్లూ ఒకటే.

తెల్లవారుజామున కౌసల్యమ్మ పోయేసరికి వాసన అప్పుడే దిగింది. విక్టోరియా కిటికీ రెక్కలు మూసి గడియ పెడుతోంది. కౌసల్యమ్మ బిడ్డకు నీళ్లు పోసి, తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. విక్టోరియా ఎర్రటి నిప్పుల గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"పొగ వద్దు వదినా. తల గుడ్డతోనే ఆరుతది," అంది కౌసల్యమ్మ.

"ఏంది వదినా, సాంబ్రాణి మా ఇంట్లదే గద. నీదేం ఖర్చయితలేదు," అని నవ్వింది విక్టోరియా.

కౌసల్యమ్మ నవ్వలేదు. నిప్పుల గిన్నెను కాలితో దూరం జరిపింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పుకొచ్చింది. విక్టోరియా మొహం ముడుచుకుంది. ఫ్యాక్టరీలు విషం కక్కుతుంటే సాంబ్రాణిని అంటారా అని, మా అమ్మ ఏడుగుర్ని ఈ పొగలోనే పెంచిందని, అందరూ గుండ్రాళ్లలాగ ఉన్నారని గొణిగింది.

"మీ అమ్మ పెంచింది కొట్టంల వదినా. పొగ లేస్తే తాటాకుల సందులకెల్లి పోయేది. మనం తలుపులు బిగించి పిల్లల ముక్కుల కొడుతున్నం. మా సిరికి నేనే కొట్టిన."

మంచం మీద షైనీ లేచి కూర్చుంది. బాలింత, మొహం పాలిపోయి ఉంది. అవతలి గదిలో శాంసన్ ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది, పిల్లి కూతలాగ సన్నగా. చలికాలం వచ్చిందంటే ఆ పిల్లవాణ్ని నెబులైజర్ పెట్టించడానికి దవాఖానాకు మోసుకుపోతూనే ఉంటారు. బడిలో టీచర్లు కూడా వాడికి చెప్పింది నిలవడం లేదంటున్నారు.

"పెద్దమ్మా, శాంసన్‌గానికి గూడ గట్లనే పట్టినవ్ గదా? కిటికీ మూసి?"

"పట్టిన బిడ్డా."

"వాని ఆయాసం దానిదేనా?"

"నాకెర్క లేదు. డాక్టరమ్మ గూడ చెప్పలేనన్నది. కాదని మాత్రం నేను నీకు చెప్పలేను."

షైనీ మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి, కౌసల్యమ్మ ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది. గట్టిగా లాక్కోలేదు. కౌసల్యమ్మను పరాయి మనిషిని చూసినట్టు చూసి, ఎంగిలి పళ్లెం ఎత్తినట్టు ఎత్తుకుంది. చెంబులో మిగిలిన నీళ్లు నిప్పుల మీద గుమ్మరించింది. గిన్నె బుస్సుమంది.

"రేపటి సంది నేనే పోసుకుంట పెద్దమ్మా. నువ్వు రాకు."

విక్టోరియా ఏదో సర్దబోయింది. కౌసల్యమ్మ వద్దని చెయ్యి ఊపి, కొంగుతో తడి చేతులు తుడుచుకుని లేచింది. బిడ్డ తల ఇంకా కొద్దిగా తడిగానే ఉంది. చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఇక చెప్పే హక్కు తనకు లేదనిపించి ఊరుకుంది.

బయట వాసన చిక్కబడింది. గల్లీలో కిటికీలన్నీ మూసే ఉన్నాయి. రెండు ఇళ్ల అవతల గీతిక వాళ్ల తలుపు కింది సందులోంచి సాంబ్రాణి కమ్మగా వస్తోంది. గీతిక కూతురు ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఆ పిల్లకు పొగ పట్టే పద్ధతి గీతికకు చెయ్యి పట్టి నేర్పింది తనే. కౌసల్యమ్మ ఆ గుమ్మం దాటి నాలుగడుగులు వేసింది. ఇంటికి పోతే మానసకు సద్ది కట్టాలి, సిరికి బువ్వ పెట్టాలి. పోదామనే అనుకుంది. గల్లీలో తాను నీళ్లు పోసిన బిడ్డలెందరో లెక్క కూడా లేదు. షైనీ చూసిన చూపు ఇంటింటా చూడాల్సి వస్తుందని తెలుసు.

వెనక్కి తిరిగి తలుపు కొట్టింది.

గీతిక చంకలో పిల్లతో తలుపు తీసి, నవ్వుతో మొహం ఇంత చేసుకుంది. ఆమె వెనక గది తెల్లగా ఉంది.

"మంచి టైంకొచ్చినవ్ పెద్దమ్మా. రా రా, లోపలికి రా. జర తలుపెయ్యి, వాసన జొరబడుతది."

కౌసల్యమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. వేస్తే లోపలి పొగ, తెరిస్తే బయటి పొగ. ఏది చేయాలో తెలియక, గడప మీదే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.