సీటు కింద పడిన మాట

మధ్యాహ్నం ఆట వదిలాక హాలు శుభ్రం చేయడానికి చీపురక్కకు ఉండేది ఇరవై నిమిషాలే. వెనక వరస నుంచి మొదలుపెట్టి, కాగితం కప్పులు, టికెట్ ముక్కలు, జనం వినని డైలాగులు ఊడ్చుకుంటూ తెర దాకా వస్తుంది. పన్నెండేళ్ళుగా ఇదే పని. మొదట్లో డైలాగులు ఆటకు గుప్పెడు కూడా వచ్చేవి కావు. ఎవరైనా దగ్గినప్పుడు ఒకటి, చంటిపిల్ల ఏడ్చినప్పుడు రెండు, అంతే. ఇప్పుడు ఆటకో సంచి నిండుతోంది.

చెవిన పడని మాట నేలన పడక ఏమవుతుంది మరి! ఎవరు వినకపోతే వాళ్ళ సీటు కిందే పడుతుంది. చొక్కా గుండీ అంత ఉంటుంది. వేళ్ళతో నొక్కితే ఒక్కసారి పలుకుతుంది. వింటే కరిగిపోతుంది, అప్పుడూ వినకపోతే మళ్ళీ నేలన పడుతుంది. వీటికోసం మేనేజరు తడి చెత్త, పొడి చెత్త డబ్బాల పక్కన ఇంకో డబ్బా కూడా పెట్టించాడు.

ప్రతి బుధవారం ఏడో వరసలో నడవ పక్క సీటులో కూర్చునే మనిషి ఒకాయన ఉన్నాడు. పక్క వీధిలో గడియారాలు బాగుచేస్తాడు. చీపురక్క ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. కూతురికి ఆరేళ్ళప్పటి నుంచీ ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. రెండేళ్ళ కిందట కూతురు చేతులెత్తేసింది.

"ఇంక నావల్ల కాదు నాన్నా. పక్కాయన ఫోను వెలుగు మొహాన కొడుతుంది. వెనకావిడ వాళ్ళ వదినకు కథ చెబుతూ ఉంటుంది. అరగంట యాడ్లు చూడాలి. సౌండేమో చెవులు చిల్లులు పడేలా, మాటేమో ఒక్కటీ అర్థం కాకుండా. ఇంట్లోనే చూసుకుంటాను."

"ఇంట్లో చూసేది సినిమానా? నీకసలు సినిమా అంటే ఇష్టమే లేదు," అన్నాడాయన.

మిగతా ఏమన్నా ఊరుకునేదేమో గానీ, ఆ పిల్లను ఆ మాట అనకూడదు. మాటకు మాట పెరిగింది, రాకపోకలు ఆగిపోయాయి. ఆయన పంతానికి పోయి ఒక్కడే వస్తున్నాడు. కూతురు చెప్పింది నిజమేనని ప్రతి బుధవారం తెలిసొస్తూనే ఉంది, ఒప్పుకోవడానికే నోరు పెగలడం లేదు.

ఈమధ్య ఆడుతున్న సినిమాలో ఒక మొండి తండ్రి, అలిగిన కూతురు. చివర్లో తండ్రి ఆమె గుమ్మం ముందు నిలబడి ఏదో అంటాడు. ఆమె ఏడుస్తూనే నవ్వి తలుపు బార్లా తీస్తుంది. మొదటి బుధవారం సరిగ్గా ఆ మాట అన్నప్పుడే వెనక ఎవరిదో ఫోను మోగింది. రెండో బుధవారం ముందు వరసలో వాళ్ళు లేచి చెప్పులు వెతుక్కున్నారు. మూడో బుధవారం పక్కాయన భార్యతో, "ఇప్పుడు చూడు, ఆయన ఏమంటాడో," అన్నాడు. పక్కాయన అంటుండగానే తెర మీది తండ్రి అనేశాడు.

ఆట వదిలాక గడియారాలాయన చీపురక్క దగ్గర ఆగాడు.

"ఇంక రానమ్మాయ్. ఎల్లుండి సినిమా మారిపోతుంది కూడా. ఆ ఒక్క మాటా తెలిస్తే వెళ్ళి మా అమ్మాయితో అదే అందామనుకున్నా. నాకు సొంతంగా చేతకాదు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఇట్లాంటివన్నీ ఆవిడే చూసుకునేది."

ఆయన వెళ్ళాక చీపురక్క ఏడో వరసలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఆఖరి సీను మాటలు ఆఖరున పడతాయి కాబట్టి కుప్ప పైనే ఉంటాయి. అన్నిటికంటే పైనున్న దాన్ని నొక్కుకుపోకుండా తీసి, టికెట్ ముక్కలో చుట్టి, మర్నాడు పొద్దున్నే షాపుకు తీసుకెళ్ళింది.

"ఒక్కసారే బాబాయ్. వింటే అయిపోతుంది."

"అయితే ఇక్కడెందుకు వింటాను? వాళ్ళింటి దగ్గరే," అని ఆయన దాన్ని దూది పరిచిన గడియారం డబ్బాలో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే షాపు మూసి బయల్దేరాడు.

కూతురు తలుపు తీసింది. తండ్రిని చూసి తలుపు వేయలేదు, అలా పట్టుకునే నిలబడింది. ఆయన డబ్బా తెరిచి మాటను నొక్కాడు. అప్పుడే ఆయన చొక్కా జేబులో ఫోను గట్టిగా మోగింది. అలారం గడియారం అయిందా అని ఎవరో. ఫోను నోరు నొక్కేసరికి మాట కాస్తా జారి చెప్పుల మధ్య ఎక్కడో పడిపోయింది.

ఆయన వంగి వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం పడింది నాన్నా?"

"నీతో అనాల్సిన మాటమ్మా. మూడు వారాలు తిరిగి పట్టుకొచ్చాను. నా ఫోనే మింగేసింది."

"సైలెంట్‌లో పెట్టుకోలేదా?"

"మర్చిపోయాను."

కూతురు నవ్వు ఆపుకోవడానికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆయనకు సిగ్గేసింది. రెండేళ్ళుగా హాల్లో అందరినీ తిట్టుకున్నది ఈ పనికే కదా! చెప్పుల మధ్య నుంచి లేవకుండానే అన్నాడు.

"నువ్వన్నదే నిజమమ్మా. తప్పు నాదే. నువ్వు పక్కన లేకపోతే అక్కడ సినిమా కూడా సినిమాలా లేదు."

ఆమె ఆయన చేయి పట్టి లేవదీసింది. "లోపలికి రా. ఇప్పుడే ఒకటి పెట్టబోతున్నాను."

కిటికీ తెరలు వేసి, ఇద్దరి ఫోన్లూ వంటింటి సొరుగులో పడేసింది. రెండుంపావు గంటలు ఇద్దరూ కిక్కురుమనలేదు. అన్ని మాటలూ వినపడ్డాయి. రెండేళ్ళుగా గుండెల మీదున్న బరువు ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియనే లేదు.

మర్నాడు గుమ్మం ఊడుస్తుంటే చెప్పుల వెనక ఆ మాట దొరికింది. కూతురు చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. సినిమాలో తండ్రి గొంతు బింకంగా పలికింది: "వాన వచ్చేలా ఉంది. మొన్న గొడుగు మర్చిపోయాను, దానికోసం వచ్చా."

ఖాళీ అయిన అరచెయ్యి చూసుకుంటూ ఆమె చాలాసేపు నవ్వింది. ఇది వినపడి ఉంటే నాన్న దీన్నే అప్పజెప్పి, గొడుగు పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉండేవాడే.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "దొరికిందా అమ్మా?"

"లేదు నాన్నా, చెత్తలో పోయినట్టుంది. బుధవారం కాస్త తొందరగా రా."