తాడు కట్టిన రాయి

తెల్లవారి ఆరింటికే సోమనర్సయ్య కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. ముందు అద్దం తుడిచాడు, టైర్లను కాలితో తన్ని చూశాడు, డీజిల్ మరకల పాతగుడ్డను దులిపి మళ్ళీ అదే అద్దం తుడిచాడు. ఇంట్లోకొచ్చి చాయ్ గ్లాసు అందుకున్నాడు గానీ, రెండు గుక్కలకే దాన్ని కిటికీలో పెట్టి గుమ్మంలోకి నడిచాడు.

"కాళ్ళల్ల చక్రాలున్నయా ఏంది నీకు? జర కూసోరాదు," అంది భార్య సాయమ్మ.

"కారు కొనెటాయన ఎక్కిన బస్సు ఎక్కడిదాక వచ్చిందో..."

"వస్తడు తీయి. నువ్వు గల్మల నిలబడితే బస్సు ఉరుకుతదా?"

నీరు పల్లమెరుగు అంటారు. భూపాలపల్లిలో నీళ్ళకంటే బాగా పల్లం ఎరిగినవాడు సోమనర్సయ్య. ఆయన కారు పన్నెండేళ్ళనాటి డీజిల్ బండి. సెల్ఫు మూలుగుతుంది గానీ ఇంజను అందుకోదు. హ్యాండ్‌బ్రేకు పేరుకే ఉంది. అందుకని ఎక్కడికెళ్ళినా ఏటవాలు వెతికి, కారు ముక్కు కిందికి పెట్టి ఆపి, ముందు చక్రానికి రాయి అడ్డం వేయాలి. రాయి తీస్తే బండి దానంతటదే జారుతుంది. రెండో గేరులో క్లచ్చు వదిలితే ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంటుంది. ఆ రాయికి చేంతాడు ముక్క కట్టి, కొస సాయమ్మ చేతికిచ్చేవాడు. ఆమె సీట్లో కూర్చునే, బావిలోంచి బొక్కెన చేదినట్టు, రాయిని తలుపు సందులోంచి లాగి కాళ్ళ దగ్గర వేసుకునేది. మోకాళ్ళ నొప్పుల మనిషికి అంతకంటే సుఖమైన కొలువు ఏముంటుంది?

ఇక సోమనర్సయ్య కొలువంటారా, ముప్పై ఒక్క ఏళ్ళూ బొగ్గుబావి దీపాల గదిలోనే. ఇంత కిటికీ, దాని వెనక ఆయన. టోపీ దీపం అందుకుని అందరూ లోపలికి దిగేవారు, తిరిగిచ్చి అందరూ ఇళ్ళకు పోయేవారు. గూట్లోకి దీపం రాలేదంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదని గుర్తు. వచ్చేదాకా సోమనర్సయ్య కదలకూడదు. అట్లాంటివాడు, రిటైరైన నెలకే జనగామలో కైలాసం అనే ఎరువుల షావుకారి దగ్గర ఈ కారు కొన్నాడు. ఇక ఆగితేనా! ఇంట్లో పిల్లా జెల్లా లేరు, ఆపేవారెవరు? కాటారం అంగడికి ఒకనాడు, బచ్చన్నపేట పక్కన తను పుట్టిన ఊరికి ఒకనాడు. ఆ రాయి ఆ ఊరి చెరువుకట్ట మీదిదే.

మరి అమ్మడమెందుకంటే, కన్ను. ఎడమ కంటి నరం పోయింది, చూపు ఇక రాదని దవాఖానలో తేల్చారు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు నడిపాడు. పోయిన మంగళవారం ఎడమ పక్కనుంచి పక్కింటి సాహితి సైకిలు మీద వస్తే కనబడనే లేదు. సైకిలు చక్రం వంగింది. పిల్ల లేచి దుమ్ము దులుపుకుని, "ఏం కాలే తాతా," అని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆయనకు అన్నం సయించలేదు. అమ్మేస్తానని తానే అన్నాడు. అన్నప్పటినుంచీ ఒకటే గుబులు, మళ్ళీ ఆ కిటికీ వెనక్కి పోయి కూర్చోవాలి గదా అని.

పదింటికి జాల్యా వచ్చాడు. మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దగ్గరి తండాలో మిర్చి రైతు. వస్తూనే బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు.

"సల్లగున్నది. కొందరు బండి జెప్పన అందుకోవాల్నని మనం వచ్చేలోపే ఏడి చేసి పెడ్తరు బాపూ."

ధర ఫోనులోనే తెగింది. ఇక మిగిలింది బండిని చూసుకోవడమే. సోమనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"ముందుగాల్నే చెప్తున్న. సెల్ఫు పట్టది. హ్యాండ్‌బ్రేకు నిలువది. వానొస్తే నెత్తిమీద కారుతది. ఎనుక తలుపు లోపట్నించి రాదు. డీజిల్ ఎంత పోసినా ముల్లు సగంలనే ఉంటది. గుట్టెక్కేటప్పుడు పొగ చూసి ఊరంత తిడ్తది."

అన్నీ నిజాలే. కానీ ధర్మం కోసం చెప్పినవి కావు. ఇవి విని ఈ మనిషి వెళ్ళిపోవాలి, తప్పు తనమీద లేకుండా కారు ఇంటిముందే ఉండిపోవాలి. సాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఒక్క దమ్మున ఇన్ని మాటలు మాట్లాడగా ఆమె వినలేదు.

"ఇంకేమన్న ఉన్నయా?" అన్నాడు జాల్యా.

"...ఇగ లెవ్వు."

"ఇన్ని ఒంకలు నోటితోని చెప్పినోడు ఇంకొకటి దాస్తడా! నేను తీస్కుంట. మా తండ గుట్టమీదనే, దిగుడుకు కరువు లేదు. మా అవ్వను మానుకోట దవాఖానకు ట్రాక్టర్ల తీస్కపోతున్న. గా కుదుపుకే సగం సస్తున్నది."

సోమనర్సయ్య తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

జాల్యా వెనక అద్దం చూశాడు. "మేఘన అని రాసున్నది. బిడ్డనా?"

అది కైలాసం కూతురి పేరు. ఎవరడిగినా సోమనర్సయ్య చెప్పే జవాబు ఒకటే. "కారుతోనే వచ్చింది."

"అయితే నాతోని పంపుతవన్నట్టు."

"అప్పగింతలైనయి, ఇగ లగ్గమే తక్వ," అంది సాయమ్మ.

సాపు నేలమీద సెల్ఫు కొట్టి చూడాలన్నాడు జాల్యా. స్టీరింగు ముందు కూర్చుని బ్రేకు తొక్కాడు. సాయమ్మ బయట నిలబడే తాడు లాగింది. ఇంజను లేకుండానే కారు ఇంటిముందు ఏటవాలు దిగి, చదునుగా ఉన్న రోడ్డుమీద ఆగింది. సోమనర్సయ్య కిటికీ పట్టుకుని వంగాడు.

"తాళం సగమే తిప్పు. పచ్చగ సకినం లెక్క సుట్టలు తిరిగిన లైటొస్తది. గది ఆరినంక కొట్టు."

లైటు ఆరింది. జాల్యా తాళం తిప్పాడు. రెండేళ్ళుగా ఒక్కనాడూ సెల్ఫుకు అందుకోని ఇంజను మొదటి దెబ్బకే అందుకుంది.

సోమనర్సయ్య నోరు తెరిచాడు.

"నీకన్న దానికే తెలివున్నది," అంది సాయమ్మ మెల్లగా.

కారు కదిలింది. కిటికీ వదలకుండా ఆయనా పక్కనే నడిచాడు. "నర్సంపేటల బస్టాండు ముందల ఆపకు, సాపు. ఎనుక గల్లీల దిగుడున్నది... ఇల్లు చేరంగనే ఫోన్ చెయ్యి. అప్పటిదాక నేను కదల."

మలుపులో కారు ఎడమకు తిరిగింది. ఆ పక్క ఆయనకు ముందే చీకటి.

ఇంటికొచ్చి గడపమీద కూర్చున్నాడు. సాయమ్మ అన్నం పెడితే అక్కడే తిన్నాడు. సాయంత్రం అయిదింటికి ఫోను మోగింది.

"చేరిన బాపూ. అవ్వను కూసోబెట్టి తండ అంత ఒక సుట్టు తిప్పిన."

"రాయి ఈడ్నే ఉన్నది గదరా!"

"మా తండల రాళ్ళకు కరువా?" అని నవ్వాడు జాల్యా.

సోమనర్సయ్య ఫోను జేబులో పెట్టుకుని, పొద్దుటి చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఏటవాలు మధ్యలో, టైరు ఒత్తి ఒత్తి నున్నబడ్డ గుంటతో రాయి అక్కడే ఉంది, దాని తాడు కొస సాయమ్మ వదిలినచోటే రోడ్డు వైపుకు చాచుకుని.