క్లెమ్ వంతు

నారింజ రంగు ప్లాస్టిక్ కోను చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కి నడిచాడు క్లెమ్ ట్రాంటర్. హాలు ఆ కొసన ఇంకో కోను ఉంది. దాన్నీ చుట్టి రావాలి. ఇదే వైద్యమట! జీవితమంతా లిత్‌గో గనుల్లో బొగ్గు తవ్వినవాణ్ణి చర్చి వెనక హాల్లో గానుగెద్దులా తిప్పుతున్నారు.

గోడ మీద పోస్టర్లో ముసలి దంపతులు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. వాళ్ళని చూస్తేనే క్లెమ్‌కి ఒళ్ళుమంట. ఊపిరితిత్తులు పాడైనవాడెవడూ అలా నవ్వడు, దగ్గొస్తుంది.

"ఊపిరి బిగబట్టకండి క్లెమ్ గారూ. ముక్కుతో లోపలికి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా బయటికి," అంది ఫిజియో సాస్కియా.

"అది పుట్టగానే నేర్చుకున్నానమ్మాయ్. ఈ బోడి చదువు చెప్పడానికి నీకు జీతం కూడానా?"

ఆమె నవ్వేసింది. ఆ నవ్వు కూడా అతనికి నచ్చలేదు.

ఒకప్పుడు గుమ్మం నిండే మనిషి. ఇప్పుడు చొక్కా లోపల ఎముకలే మిగిలాయి. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవుల దాకా లేస్తాయి. చేతి వేళ్ళ కణుపుల మీద పాత గాయాల్లో బొగ్గు నీలంగా ఇంకిపోయింది.

ఈ తిరుగుడికి అతను ఎందుకొస్తున్నాడో సాస్కియా ఒక్కదానికే తెలుసు. శుక్రవారం సాయంత్రాలు పబ్బులో అతనితో కలిపి నలుగురు పాత గనివాళ్ళు ఒక బల్ల చుట్టూ చేరతారు. వంతులవారీగా ఒక్కొక్కరు లేచి అందరికీ బీరు కొని, మోసుకొచ్చి పెట్టాలి. పరాయి వంతుల్లో తాగి తన వంతు ఎగ్గొట్టేవాడు వాళ్ళ లెక్కలో మనిషే కాడు. అలాంటివాణ్ణొకణ్ణి తిట్టి ఆ బల్ల దగ్గర్నుంచి తరిమింది క్లెమ్మే. పోయిన చలికాలం తన వంతు వచ్చినప్పుడు నడిదారిలో ఊపిరాడక గ్లాసులన్నీ కింద పడేశాడు. అప్పట్నుంచి అటు వెళ్ళలేదు. బీరు పడటం లేదని చెప్పాడు. ఎవడూ నమ్మలేదు.

"గ్లాసులు దీని పీట మీద పెట్టి తోసుకెళ్ళండి," అంటూ సాస్కియా ఒక నాలుగు చక్రాల వాకర్ ఇప్పించింది. "పసిపిల్లల బండి!" అని దాన్ని కోళ్ళ షెడ్డులో పడేశాడు.

ఈరోజు ఆఖరి తరగతి. పువ్వుల అంచున్న పట్టా ఒకటి చేతిలో పెట్టి అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి, గ్లాసుల్లో నీళ్ళు నింపి వంటింట్లో మోసి చూశాడు. ఉత్త చేతులతో హాలంతా తిరగనిచ్చిన ఊపిరి, చేతుల్లో బరువు పడగానే తెగిపోయింది. నీళ్ళు కాళ్ళ మీద ఒలికాయి. తనని తాను బూతులు తిట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళి, ఆ పట్టాతోనే వాకర్ మీది కోడిరెట్ట తుడిచాడు.

ఆ శుక్రవారం పబ్బులో అడుగుపెట్టగానే పాత బల్ల దగ్గర్నుంచి వాల్ కేకేశాడు. "ఎప్పుడు కన్నావురా ముసలోడా? మగపిల్లాడా?"

క్లెమ్ నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళి అందరికీ బీరు కొన్నాడు. నాలుగు గ్లాసులూ పీట మీద పెట్టుకుని, పెదాలు సున్నాలా చుట్టి, మెల్లగా ఊదుతూ తోశాడు.

"ఎవరికిరా ఆ ముద్దులు?"

"మీ ఆవిడకి. నోరుమూసుకుని తాగు."

నురగ కాస్త పొంగి పీట మీద పడింది, అంతే. వాల్ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "ఇప్పుడు నా వంతు," అని లేచాడు. క్లెమ్‌కి ఏడుపొచ్చింది. అంత సంతోషంగా ఉన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

వాల్ అతన్ని కారులో ఇంటి దగ్గర దింపాడు. వాకర్ డిక్కీలో పట్టలేదు. "వచ్చే శుక్రవారం వస్తావుగా, పబ్బులోనే ఉండనీలే," అన్నాడు.

ఆదివారం జలుబు చేసింది. అది గుండెల్లోకి దిగింది. బుధవారం ఆసుపత్రిలో నిద్రలోనే పోయాడు.

శుక్రవారం బల్ల దగ్గర ముగ్గురే కూర్చున్నారు.

"ఊపిరి పీల్చడం నేర్చుకున్నాడట. ఏం లాభం?" అన్నాడొకడు.

"నోర్ముయ్," అన్నాడు వాల్. "వాడు వంతు ఎగ్గొట్టలేదు."

గోడ వారగా వాకర్ అలాగే ఉంది. దాని నల్లటి పీట మీద నాలుగు గ్లాసుల అడుగుల గుర్తులు గుండ్రంగా ఆరిపోయి ఉన్నాయి.