నల్ల పైపు మీద పందెం

బ్రేకు మాస్టారు పరాయి దేశం వచ్చి, కారు అద్దెకు తీసుకుని, ఉదయం నుంచి నడుపుతున్నాడు. అక్కడి బండిలో మీటలు అటుదిటు కావడంతో, మలుపు వచ్చినప్పుడల్లా సిగ్నల్ వేయబోయి వైపర్లు ఆడిస్తున్నాడు. చుక్క వాన లేదు. పక్క సీట్లో ఉన్న భార్య ఆకాశం కేసి చూసి, "అబ్బ, ఎంత ఎండో!" అంది. మాస్టారు వినిపించనట్టే వైపర్లు కట్టేశాడు.

ఊళ్ళో ఆయన డ్రైవింగ్ స్కూలు తెలియని వాళ్ళు లేరు. డాక్టరమ్మలు, టీచరమ్మలు, మనవలున్న మామ్మలు కూడా ఆయన దగ్గరే నేర్చుకుని రోడ్డెక్కారు. కట్టుకున్న పెళ్ళాన్ని మాత్రం ఒక్క రోజు కూడా స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. అడిగితే, "ఇంట్లో నేనుండగా నీకెందుకే?" అని నవ్వేవాడు. ఆ నవ్వుకి ఆవిడకి ఒళ్ళు మండేది. మండీ మండీ చివరికి రెండు వీధుల అవతల ఉన్న పోటీ స్కూల్లో చేరిపోయింది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళల్లో బండి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, ఈ ప్రయాణానికి ముందు విదేశాల్లో నడిపే పర్మిట్ కూడా సంపాదించింది. ఈ సంగతి తెలియని మనిషి ఊళ్ళో ఒక్కడే మిగిలాడు.

అద్దె ఆఫీసు దగ్గర ఆయన టైర్లని కాలితో తన్ని పరీక్షిస్తుంటే, ఆవిడ రెండో డ్రైవరుగా తన పేరు చేర్పించేసింది. పనిలో పనిగా ఏ పెట్రోలు పొయ్యాలో సైగలతో అడిగింది. కౌంటరు పిల్ల బయటికొచ్చి, టాంకు మూత తెరిచి, లోపల అంటించిన చీటీ చూపించింది. దాని మీద 95 అని ఉంది. పర్మిట్టూ, పెట్రోలు సంగతీ రెండూ కడుపులో దాచుకుని ఆవిడ బుద్ధిగా పక్క సీట్లో కూర్చుంది. కోరిక ఒకటే. దొంగచాటుగా కాకుండా, మొగుడు పక్కన కూర్చుని చూస్తుండగా బండి నడపాలి.

పెట్రోలు ముల్లు అడుగంటింది. బంకులో ఆగి మాస్టారు అలవాటు ప్రకారం అద్దం దించి, దర్జాగా "ఫుల్" అన్నాడు. అక్కడ పోసేవాళ్ళెవరూ లేరు. ఎవరిది వాళ్ళే పోసుకుంటున్నారు. పాతికేళ్ళుగా బంకులో కారు దిగని మనిషి, ఇక దిగక తప్పలేదు.

పంపుకి మూడు పైపులున్నాయి. రెండు ఆకుపచ్చవి, ఒకటి నల్లది. ఆకుపచ్చవాటి మీద 95, 98 అని అంకెలు. నల్లదాని మీద ఆ దేశపు భాషలో ఏదో పొడుగాటి మాట. మాస్టారు తడుముకోకుండా నల్లది అందుకున్నాడు.

"ఏమండీ, ఆకుపచ్చదేమోనండీ."

"ఆకుపచ్చది డీజిలే. మన బంకులో రోజూ అద్దంలో చూస్తున్నా. నల్లదే పెట్రోలు."

"అది మన ఊళ్ళో కదా."

"ఎక్కడైనా అంతే. బండి సంగతుల్లో నువ్వు వేలు పెట్టకు."

"అయితే పందెం. నల్లది తప్పయితే తాళాలు నాకివ్వాలి. ఇక్కణ్ణుంచి నేను నడుపుతా."

మాస్టారు నవ్వాడు. అదే నవ్వు. "అలాగే. నాది రైటయితే ఇల్లు చేరేదాకా కారులో నోరు మెదపకూడదు!"

"ఒట్టు," అంది ఆవిడ. డీజిలు చుక్క లోపలికి పోతే ఇంజను సంగతి ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆయన మీట నొక్కబోతే చెయ్యి పట్టుకుందామని దగ్గరికి జరిగి నిలబడింది.

ఆ అవసరం రాలేదు. నల్ల పైపు మూతి లావు, టాంకు నోరు సన్నం. మాస్టారు నెట్టాడు, తిప్పాడు, వంచాడు, మందు తాగనని మొరాయించే పిల్లాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగించాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించారు.

"కొత్త బండి కదా, బిగుతుగా ఉంది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"పాపం," అంది ఆవిడ. కాసేపు ఆ వేడుక కళ్ళారా చూసి, ఏమీ ఎరగనట్టు, "మూత లోపల ఏదో రాసినట్టుందండీ" అంది.

మాస్టారు వంగి చూశాడు. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా నల్ల పైపు తగిలించేశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "98 పోద్దాం. మూడు మార్కులు ఎక్కువే కదా," అన్నాడు.

"ఇదేం పరీక్షా? అడిగింది పొయ్యండి."

95 పోశాడు. ఆవిడ చెయ్యి చాపింది.

"సరదాకి అన్నానే! లైసెన్సు లేకుండా ఎలా నడుపుతావు?"

ఆవిడ హ్యాండుబ్యాగులోంచి లైసెన్సూ పర్మిట్టూ తీసి చూపించింది. మాస్టారి మొహం మాడిపోయింది.

"ఎవరు నేర్పారు?"

"పోటీ స్కూలాయన."

"వాడి దగ్గరా! నన్నడగొచ్చుగా?"

"అడిగాను. మీరు నవ్వారు."

అల్లరిగానే అందామనుకుంది గానీ కుదరలేదు. ఇన్నేళ్ళ ఉక్రోషం ఆ రెండు మాటల్లో పడింది. మాస్టారు సిగ్గుపడ్డాడు. తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ బంకు దాటించి పెద్ద రోడ్డెక్కించింది. మాస్టారు స్కూలు కారులో పక్క సీటు ముందర కూడా ఒక బ్రేకుంటుంది. ఇక్కడ కాళ్ళ కింద ఉత్త రబ్బరు పట్టానే ఉంది. ఎదురుగా లారీ కనిపించినప్పుడల్లా ఆయన ఆ పట్టాని కసిదీరా తొక్కుతున్నాడు. ఆవిడ మాత్రం ఒడుపుగా లారీ పక్కనుంచి తప్పించి, అద్దం చూసుకుని, తన దారిలో తాను పోతోంది. అలా కాసేపు చూశాక మాస్టారి కాలు నెమ్మదించింది. గొంతు సవరించుకున్నాడు.

"కంగారు పడకండమ్మా. మీ చెయ్యి బాగుంది. ముందు బండికి కాస్త ఎడం ఇవ్వండి, చాలు."

ఆవిడ ఉలిక్కిపడింది. ఆయన కొత్తగా చేరిన శిష్యురాళ్ళతో మాట్లాడే తీరు అది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు తనని 'మీరు' అనడం అదే మొదలు. నోరు జారానని ఆయనకింకా తెలియలేదు, రోడ్డు కేసే చూస్తున్నాడు.

"అలాగే మాస్టారూ," అని ఆవిడ ముందు బండికి ఎడం ఇచ్చింది.