పెద్దమ్మ బుగ్గ మీది మచ్చ

ఆ పొద్దున పిడుగు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆమెకు పిడుగని ముద్దుపేరు పెట్టింది పెద్దమ్మే. సాయంత్రం లైబ్రరీ కొత్త భవనం తెరుస్తారు. తలుపు తీసేది పెద్దమ్మ, లైబ్రేరియన్‌గా అదే ఆమె చివరి పని. దండలొద్దు, ఫొటోలొద్దు, తాళాలిచ్చేసి ఇంటికి పోతానని ముందే తెగేసి చెప్పింది. పుస్తకాల అరల మధ్య తనను పెంచిన మనిషి అలా చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోవడం పిడుగుకు మింగుడుపడలేదు. పెద్దమ్మ మొహం ఆ తలుపు దగ్గరే ఉండిపోవాలని పట్టుబట్టింది.

అందుకు వేసిన ఎత్తు కూడా మామూలుది కాదు. అది పక్కకు జరిగే అద్దం తలుపు. తెరిస్తే వెళ్లి, పక్కనున్న కదలని అద్దం వెనక చేరుతుంది. నాన్న స్టూడియో గోడకున్న పెద్దమ్మ ఫొటోను పిడుగు ముందు ఒట్టి నలుపు తెలుపు చుక్కలుగా మార్చింది. నీడ ఉన్నచోట నల్లచుక్కలు గుబురుగా, వెలుగున్న చోట పలచగా. తర్వాత దాన్ని రెండు పారదర్శకమైన ఫిల్ములకు పంచింది. చుక్క చుక్కకూ పెసరగింజంత గళ్లు రెండు. మొదటి ఫిల్ములో ఏ గడి నల్లబడాలో కంప్యూటరు బొమ్మాబొరుసు వేసి తేలుస్తుంది. ఫొటోలో ఆ చుక్క తెలుపైతే రెండో ఫిల్ములోనూ అదే గడి నల్లబడుతుంది, నలుపైతే పక్క గడి. విడిగా చూస్తే ఏ ఫిల్మయినా ఒట్టి దుమ్మే, ఒకదాని వెనక ఒకటి చేరితేనే మొహం కనబడేది.

మొదటి ఫిల్మును కదలని అద్దానికి అతికించి, బుడగలన్నీ నొక్కేసి, పిడుగు గాల్లో తేలుతూ స్టూడియోకి వచ్చింది. తలుపుకు అతికించాల్సిన రెండోది ప్రింటు తీసి ఉంచమని నాన్నకు చెప్పి వెళ్లింది. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, మహా గర్వంగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఫిల్ము మీద ఒక్క చుక్క లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిద రంగు.

"చుక్కలేవి నాన్నా?"

"అన్నీ తుడిచేశానమ్మా. ఎక్కడ స్కాన్ చేశావోగానీ మరీ అంత దుమ్మా? పొద్దుట్నుంచి కూర్చుంటే ఇప్పటికి ఓ కొలిక్కొచ్చింది."

ఆయన్ని అందరూ మచ్చల మాస్టారంటారు. ఫొటో మీద దుమ్మూ, గీతా, మొటిమా ఏదైనా సరే, ఆయన కంటపడితే బతికి బట్టకట్టదు. అలాంటివాడి చేతికి దుమ్ము తప్ప మరేమీ లేని బొమ్మనిచ్చి, అదేమిటో చెప్పకుండా వెళ్లడం పిడుగు తెలివితక్కువతనం. ఆయన్ని కూడా ఆశ్చర్యపరుద్దామని మురిసిపోయింది మరి.

"పాత ఫైలుందా?"

"దాని మీదే సేవ్ చేశా. చెత్త దాచుకోవడం దేనికి?"

పిడుగుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సంగతంతా చెప్పేసరికి నాన్న కుర్చీలో కూలబడ్డాడు.

"కొంప ముంచాను కదే."

పిడుగు ఉన్నట్టుండి జేబు తడుముకుంది. పెన్‌డ్రైవ్ దొరికింది. ఇక ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

"ముంచలేదు నాన్నా. మొదటి ఫిల్ము ఫైలు నా దగ్గరే ఉంది. అది ఉంటే చాలు, రెండోదాన్ని మళ్లీ కట్టేయొచ్చు. మనం ఏ ఫొటో ఇస్తే ఆ ఫొటోయే ఆ దుమ్ములోంచి వస్తుంది."

"ఏ ఫొటో అయినానా?"

నాన్న గోడకేసి చూశాడు. అక్కడి పెద్దమ్మకు బుగ్గ నున్నగా ఉంది. అసలు పెద్దమ్మకు ఎడమ బుగ్గ మీద నాణెమంత నల్లటి మచ్చ. కొత్తల్లుడి హుషారులో, వదిన మెచ్చుకుంటుందని నాన్న దాన్ని తుడిచేసిన సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమె ఫొటో అందుకుని, "ఈవిడెవరు మరిదీ?" అని అడిగిందట. మళ్లీ ఆయన కెమెరా ముందు కూర్చుంటే ఒట్టు.

నాన్న లేచి, సొరుగు అడుగు నుంచి పాత నెగెటివ్ తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇది పెట్టు. ఈసారి నేను ముట్టుకోను."

స్కానర్ కదిలింది, చుక్కలు పడ్డాయి, ప్రింటర్ గురగురలాడింది. ఇద్దరూ ఆ ఫిల్ము చుట్టను చెరో కొసా పట్టుకుని ఆదరాబాదరా లైబ్రరీకి పరుగెత్తారు. తలుపుకు అతికించి పక్కకు తప్పుకున్నారో లేదో, తాళాలతో పెద్దమ్మ రానే వచ్చింది.

చుట్టూ జనం. నాన్న అందరి వెనకా నక్కాడు.

"కొత్త భవనమట. అద్దాలు తుడిచే దిక్కు మాత్రం లేదు" అంటూ పెద్దమ్మ తాళం తీసి తలుపు లాగింది.

దుమ్ము మీదికి దుమ్ము జరిగింది. తలుపు చివరికంటా చేరేదాకా ఏమీ లేదు. చేరగానే మొహం వచ్చింది. వయసులో ఉన్న పెద్దమ్మ, ఎడమ బుగ్గ మీద నాణెమంత మచ్చతో సహా.

పెద్దమ్మ చెయ్యి దానంతటదే తన బుగ్గ మీదికి వెళ్లింది. చాలాసేపు చూసి, వెనక్కి తిరిగింది.

"మరిదీ, ఎక్కడ దాక్కున్నావ్? ఇలా రా. ఈవిణ్ని నేనెరుగుదును. మా ఇద్దరికీ ఓ ఫొటో తియ్యి."

ఆమె ఫొటోలొద్దన్నదని నాన్న కెమెరా తేలేదు. కళ్లు తుడుచుకుంటూ మచ్చల మాస్టారు స్టూడియో దాకా పరుగే పరుగు. ఆయన తిరిగి వచ్చేదాకా పెద్దమ్మ తలుపును అలాగే తెరిచి పట్టుకుని నిలబడింది.