మాస్టారి వేళ్ళు

మా మనవరాలు నా మొహాన్ని రాతి మీద గీసింది. బొమ్మల కాలేజీలో దానికి అది ఆఖరి ఏడు. రాతి మీద బొమ్మ గీసి, సిరా పూసి, పైన కాగితం పరిచి ప్రెస్సులోంచి లాగితే అచ్చు వస్తుంది. ఆ పని నేర్చుకున్న వాళ్ళలో ఒక్కరిని మాత్రం చదువు అయ్యాక ఇంకో ఏడాది ఆ ప్రెస్సు గదిలోనే పని చేసుకోనిస్తారు. ఆ ఒక్కరు తనే కావాలని దాని ఆశ. ప్రెస్సంటే ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. ఆ గది గడప దాటితే మళ్ళీ రాయి ముట్టేదెక్కడ?

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గీసేది. "తాతయ్యా, కదలకు" అనేది.

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లగా."

చెయ్యి రాతికి తగలకుండా అడ్డంగా ఒక చెక్క పెట్టుకుని, దాని మీద మణికట్టు ఆనించి గీసేది. నన్నసలు దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ రాయికి జిడ్డంటే ప్రాణం. జిడ్డున్న చోట సిరా పట్టుకుంటుంది, తడి ఉన్న చోట పట్టదు. గీసే పెన్సిలూ జిడ్డుదే. చేతి జిడ్డు తగిలినా అంతే. అప్పటికేమీ కనపడదు, సిరా పూశాక బయటపడుతుంది.

ఒకరోజు వాళ్ళ మాస్టారు వచ్చారు. తలకి నూనె దండిగా పట్టించే మనిషి. ఏదైనా ఆలోచన వస్తే జుట్టు చేత్తోనే వెనక్కి దువ్వుకుంటారు. అలా దువ్వుకుని, రాతి మీద నా బొమ్మ నుదుటి పైన ఖాళీగా ఉన్న చోట మూడు వేళ్ళు ఆనించి, "ఇక్కడ ఏమీ గీయకు. అందమంతా ఈ ఖాళీలోనే ఉంది" అన్నారు. పిల్ల మొహం మాడిపోయింది.

ఆయన వెళ్ళాక "చెప్పొచ్చుగా" అన్నాను.

"ఎలా చెప్పను తాతయ్యా? రాయి మీద చెయ్యి పెట్టకూడదని మాకు నేర్పిందే ఆయన."

చెరపడానికి దాని తంటాలు అది పడింది. అచ్చు తీస్తే మూడు వేళ్ళూ వచ్చి కూర్చున్నాయి. మళ్ళీ మొదటి నుంచి గీయడానికి వ్యవధి లేదు.

పరీక్ష రోజు నా మొహం గోడకి పెడుతున్నారంటే చూసుకుందామని వెళ్ళాను. మాస్టారు అచ్చు ముందు నిలబడి నాలుక చప్పరించారు.

"ఏంటమ్మా ఈ మురికి? ఇన్నేళ్ళు చెప్పినా చేతులు దగ్గర పెట్టుకోవడం రాలేదా?"

"అయ్యా, ఆ వేళ్ళు..." అని నేను నోరు తెరిచానో లేదో, మనవరాలు నా కాలు తొక్కింది.

"నావే సార్. చూసుకోలేదు."

"ఒప్పుకున్నావు, అదొక్కటి నయం" అన్నారాయన.

అంతలో పరీక్ష చేయడానికి బయటి ఊరి నుంచి వచ్చిన మేడమ్ లోపలికి వచ్చింది. నా మొహం ముందు చాలాసేపు ఆగిపోయింది.

"ఎవరో ఈ పెద్దాయన తల నిమరబోయి ఆగిపోయినట్టుంది. ఈ వేళ్ళ ఆలోచన ఎవరిది?"

పిల్ల నోరు విప్పేలోపే మాస్టారు జుట్టు వెనక్కి దువ్వుకున్నారు. "నాదేనండి. వేళ్ళు కూడా నావే. అక్కడ మరీ బోసిగా ఉంటుందని నేనే ఆనించాను."

నాకు ఒళ్ళు మండింది. "ఇందాక మురికన్నారుగా బాబూ?"

మేడమ్ నా వైపు తిరిగింది. మాస్టారు నవ్వారు. "బొమ్మకి కూర్చున్న పెద్దాయనండి. పాపం, ఎంతసేపని నిలబడతారు? ఎవరైనా కుర్చీ వేయండమ్మా."

కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"మరి ఇందులో నీదేంటమ్మా?" అని మేడమ్ మనవరాలిని అడిగింది. మెత్తగానే అడిగింది.

"మిగతాదంతా" అంది పిల్ల.

మిగతాదంతా చాలలేదు. మెచ్చుకోదగ్గది మాస్టారిదే అయినప్పుడు పిల్లకి గది ఎందుకిస్తారు? దాంతో పాటు చదివిన ఒక పొడుగోడికి ఇచ్చారు. వాడు మంచివాడే, వాడి మీద నాకేం కోపం లేదు.

అచ్చులు తీయడం అయ్యాక ఎవరి రాయి వాళ్ళే అరగదీసి అప్పగించాలి. అది అక్కడి పద్ధతి. రాయి మీద ఇసుక చల్లి, నీళ్ళు పోసి, పైన ఇంకో రాయి పెట్టి తిప్పుతూ ఉండాలి. నీళ్ళు నేను పోశాను. నా మొహం బూడిదరంగు బురదైపోయి అంచుల మీంచి కారుతోంది.

"ముందే నన్ను చెప్పనిచ్చి ఉంటే..." అన్నాను.

"అప్పుడు తనవి కాదనేవాడు తాతయ్యా. ఇప్పుడు అవుననే అన్నాడుగా. నీళ్ళు పొయ్యి."

పొడుగోడు వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు తలుపు దగ్గర నుంచున్నాడు. "రాయికి... తొందరేం లేదు" అన్నాడు.

"ఉంది" అంది మనవరాలు. "ఇటొచ్చి పై రాయి రెండో వైపు పట్టుకో. బరువుగా ఉంది."