జీడి మచ్చ

మా అమ్మ నన్ను ప్రశ్నల పుట్ట అనేది. డాక్టరయ్యాక ఆ రోగమే నాకు అన్నం పెట్టింది. అయినా లచ్చమ్మను అడగవలసిన ఒక్క ప్రశ్న అడగడానికి నాకు నెల పట్టింది.

1998లో మాదాపూర్‌లో ఓ పెద్ద ఆఫీసు భవనం కడుతుంటే, పక్కనే రేకుల షెడ్డులో వారానికి రెండు రోజులు కూలీలకు వైద్యం చేసేదాన్ని. లచ్చమ్మ పాలమూరు నుంచి వచ్చి కంకర మోసే మనిషి. దగ్గుమందు కోసం వచ్చినప్పుడు ఆమె కుడి మడమ కింద శనగగింజంత నల్ల మచ్చ కనిపించింది.

"ఏమిటిది?" అన్నాను.

"ముల్లు ఇరిగితే జీడి వెట్టిన, డాక్టరమ్మా."

నాది భీమవరం. జీడి అంటే నాకు జీడిపప్పే. కాలికి జీడిపప్పు ఎందుకే అని అడిగితే కాంపౌండరు యాదయ్య పడీ పడీ నవ్వాడు.

"తినేది కాదు మేడం! బట్టలుతికేటోళ్లు గుర్తులు వెడ్తరు సూడుండ్రి, ఆ నల్ల జీడి. సూదికి గుచ్చి దీపం మీద వెడ్తే నూనె కారుతది. ముల్లు ఇరిగిన కాడ అది వెడ్తరు."

ఆ వైద్యం నాకు భలే నచ్చింది. గింజ తెప్పించుకుని అటూ ఇటూ తిప్పి చూశాను, వాసన చూశాను, యాదయ్యను వంద ప్రశ్నలు అడిగాను. "జీడి మరకేలే, పోతుంది" అని లచ్చమ్మకు దగ్గుమందిచ్చి పంపేశాను.

నెల తిరిగేసరికి ఆమె కుంటుతూ వచ్చింది. మచ్చ అంచులు వంకర టింకరగా పాకాయి. ఒక పక్క నీలంగా ఉంది, మధ్యలో చెమ్మ. జీడి మరకైతే ఈపాటికి పైచర్మంతో పాటే ఊడిపోవాలి కదా!

"ఎప్పుడు పెట్టావు జీడి?"

"బోనాలప్పుడు."

బోనాలంటే ఆషాఢం. ఇప్పుడు శివరాత్రి కూడా దాటిపోయింది. నాకు భయం వేసింది.

"ఏ ముల్లు? తుమ్మముల్లా?"

"నేనేడ సూసిన? గుచ్చుకున్నట్టు గూడ ఎరుక లేదు. నల్ల సుక్క కనవడ్డది, ముల్లే ఇరిగిందనుకున్న."

అంటే నలుపు ముందు, జీడి తర్వాత!

మర్నాడే క్యాన్సర్ దవాఖానకు నేనే తీసుకెళ్లాను. చిన్న ముక్క తీసి పరీక్షించి మెలనోమా అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. మన దగ్గర అరుదు, వస్తే తరచు అరికాలికే వస్తుంది.

"కాలు తీస్తరా?" లచ్చమ్మ అడిగింది ఆ ఒక్కటే.

"గజ్జల్లో గడ్డలేమీ లేవు, అంటే జబ్బు పైకి పాకలేదు. మచ్చ చుట్టూ వెడల్పుగా కోసి, తొడ చర్మం అతికిస్తాం. కాలు ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి వచ్చి చూపించుకోవాలి" అన్నాడు సర్జను.

నెల ముందు తెచ్చి ఉంటే ఇంకాస్త తక్కువ కోసేవారా అని ఆయన్ను విడిగా అడిగాను. ఆయన ఆపరేషన్ తేదీ రాసి చీటీ నా చేతికిచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

వానలు మొదలయ్యాక లచ్చమ్మ కర్ర ఊతంతో షెడ్డుకు వచ్చింది. వెనక పన్నెండుమంది కూలి ఆడవాళ్లు, చెప్పులు చేతుల్లో పట్టుకుని.

"లచ్చమ్మా, తప్పు నాదే. ఆ రోజే నేను..."

"ఎరుకేనమ్మా. ఆ దినం నువ్వు జీడిగింజను సూసినవు, నా కాలు సూడలె. ఇగ వీళ్ల కాళ్లు సూడు."